పలకరింపుకు వచ్చినవాళ్లు

1959. హిందూపురం ఆస్పత్రిలో మగవాళ్ల వార్డులో నేను నర్సును. రొద్దం దగ్గరి పల్లె నుంచి నరసప్ప అనే రైతును లారీలో తెచ్చారు. చింతకాయ దులుపుతుంటే కొమ్మ విరిగి పడ్డాడు. తలకు దెబ్బ. ప్రాణం నిలిచింది గానీ కుడిపక్క పడిపోయింది, మాట పోయింది, మింగడం కష్టమైంది.

ఆ ఊరి పొలాలు ఒకప్పుడు మావి. నరసప్ప తండ్రి హనుమంతప్ప నన్ను గుర్తుపట్టాడు.

"మీ తాత ముందర చెప్పులిడిచి నిలబడినోళ్లం. ఆయన మనవడివి, మావోని ఉచ్చగిన్నె ఎత్తుతాండావే సామీ!"

"నా పని నేను చేస్తాండా. నువ్వు పక్కకు జరుగు" అన్నాను. భూములు పోయినా ఒకరి జాలి నాకు అక్కరలేదు.

ఇలాంటి రోగికి మందుకన్నా తిండి పెట్టే తీరు ముఖ్యం. మింగే శక్తి తగ్గినప్పుడు నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. దాన్ని యాస్పిరేషన్ అంటాం. దానివల్ల వచ్చే న్యుమోనియా చంపేస్తుంది. నరసప్ప భార్య గంగమ్మకు నేర్పాను. దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టాలి. గడ్డం కిందికి వంచాలి. చిక్కటి రాగి గంజి అర చెంచా పెట్టి, గొంతు కదిలాకనే ఇంకో చెంచా. నీళ్లలాంటివి ఏవీ పోయకూడదు. ఆమె చెయ్యి నాకంటే నిదానం. ఒకరోజు నరసప్ప గంజి మింగి, ఎడమ చేత్తో ఆమె కొంగు పట్టుకుని లాగాడు.

"ఇంకా కావాలంట. చిన్నప్పుడు వాళ్లమ్మనీ ఇట్లే పీడించినాడంట" అని నవ్విందామె.

ఇంటికి పంపించాం. సెలవు దొరికితే పెనుకొండ దాకా రైల్లో, అక్కడి నుంచి బస్సులో వెళ్లి చూసి వచ్చేవాణ్ణి. మంచాన పడి ఉన్నా వీపున ఒక్క పుండు లేదు. అలాంటి మనిషి కొన్నాళ్లకు కాలిపోయే జ్వరంతో మళ్లీ వార్డుకు వచ్చాడు. రొప్పుతున్నాడు. ఛాతీలో గురగుర.

మంచాన పడ్డవాణ్ణి పలకరించడానికి వచ్చే బంధువు వట్టి చేతులతో రాడు. తెచ్చింది తన చేత్తో నోట్లో పెట్టనిదే పోడు. గోరంట్ల నుంచి వచ్చిన మేనమామ, పడుకుని ఉన్న నరసప్ప నోట్లో లేత టెంకాయ నీళ్లు పోశాడట.

"నువ్వు ఆడనే ఉండావు కదమ్మా?" అని అడిగాను.

"ఉండాను అయ్యా. పెద్దాయన చెయ్యి పట్టుకోని వద్దనేదానికి నేనెంతదాన్ని? కూచోబెడతానని మెల్లగా చెప్తి. 'నా మేనల్లునికి గుక్కెడు నీళ్లు పోసేదానికి నీ సెలవు కావాలనా?' అన్యాడు. మా మామ పక్కనే ఉన్యాడు. బావమరిదికి కోపమొస్తాదని ఊరకుండె."

హనుమంతప్ప తలుపు దగ్గర నిలబడి విన్నాడు.

నరసప్ప ఆ రెండోసారి బతకలేదు. శవాన్ని బండి ఎక్కించేటప్పుడు గంగమ్మ అతని తల కింద దిండు ఎత్తుగా పెట్టబోయింది. "ఇంకెందుకులేమ్మా" అన్నారు ఎవరో.

తలకు దెబ్బ తగిలినవాణ్ణి ఇంటికి పంపడమంటే ఒక్క భార్య చేతికి అప్పగించడం కాదని నాకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత అలాంటి ప్రతి రోగి ఇంటి పెద్దనూ వార్డుకు పిలిపించి, నా ఎదుట ఆయన చేతే గంజి పెట్టించేవాణ్ణి. "వచ్చినోళ్లకు వద్దని చెప్పాల్సింది నువ్వప్పా, కోడలు కాదు" అనేవాణ్ణి. కొందరికి కోపం వచ్చేది. రానీ. ఆయన నోట ఆ 'వద్దు' వినేదాకా రోగిని మంచం దిగనిచ్చేవాణ్ణి కాదు.