వెనక్కి తిరిగినవాళ్ళ లెక్క

మా విశ్వవిద్యాలయంలో రవాణా ప్రణాళికా విభాగానికి ఇప్పుడు పద్నాలుగు కెమెరాలున్నాయి. రోడ్డు మీద ఏం కదిలినా అవే లెక్కపెడతాయి. నేను పరిశోధక విద్యార్థిగా చేరిన రోజుల్లో మాకున్నది ఒక్క గీతల మామయ్యే. ఉద్యోగం ల్యాబ్ అటెండరు. చేసేది మాత్రం రోడ్డు పక్కన మడతకుర్చీ వేసుకుని, అట్టకు బిగించిన ఫారం మీద మనిషికో గీత, బండికో గీత గీయడం. నాలుగు నిలువు గీతలు, ఐదోది వాటి మీదుగా అడ్డంగా. కబుర్లు చెబుతూనే గీసేవాడు, ఒక్కటి తప్పేది కాదు. నా పీహెచ్‌డీలో సగం ఆయన చెయ్యినొప్పే. ఆ మాట థీసిస్‌లో ఎక్కడా రాయలేదు, అంత ఘనుణ్ణి నేను.

ఆ ఏడు ఆరు వరుసల పెద్దరోడ్డు మీద సర్వే పడింది. జనం దాటడానికి అక్కడ సిగ్నల్ పెట్టాలా వద్దా తేల్చమని నగరపాలక సంస్థ మమ్మల్ని అడిగింది. మామయ్య ఇల్లు ఆ రోడ్డు వారనే. అత్తయ్య వాళ్ళక్క ఇల్లు సరిగ్గా ఎదురుగా. మోకాళ్ళు అరిగాక అత్తయ్య రోడ్డు దాటడం మానేసింది. పెద్దావిడకూ వయసు మీదపడింది. రెండేళ్ళుగా అక్కాచెల్లెళ్ళు ఎవరి బాల్కనీలో వాళ్ళు నిలబడి, చేతులూపుకుంటూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళు.

"ఎదురెదురుగా ఉండి ఫోనేంటి అత్తయ్యా?" అని నవ్వానొకసారి.

"నువ్వు దాటించు నాయనా, ఇప్పుడే పెట్టేస్తా," అంది.

మూడు రోజులు లెక్కపెట్టాం. గంటకు నలభై మంది కూడా దాటలేదు. "జనం తక్కువ, సిగ్నల్ అనవసరం" అని నివేదిక రాసేశాను. మా ప్రొఫెసర్ సంతకం పెట్టబోతుంటే మామయ్య లోపలికొచ్చి, బల్ల మీదున్న ఫారాలను తిరగేశాడు. వెనకంతా గీతలే.

"ఇవేంటి?" అన్నారు సార్. ఆయనకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"రోడ్డు మీదికి అడుగేసి, మళ్ళీ వెనక్కి తగ్గినవాళ్ళు సార్. మూడు రోజులకీ వెయ్యినూట ఆరుగురు."

"ఏం కాకిలెక్కలయ్యా ఇవి! దాటనివాళ్ళని లెక్కపెట్టడమేంటి? ఫారంలో గడే లేదుగా!"

"దాటగలిగినవాళ్ళు ఎలాగూ దాటుతున్నారు సార్. సిగ్నల్ కావాల్సింది దాటలేనివాళ్ళకి కదా."

సార్ అగ్గిమీద గుగ్గిలమయ్యారు. ఇంట్లోవాళ్ళ కోసం లెక్కలు వండుతున్నావా అన్నారు. మామయ్య మొహం చిన్నబోయింది. ముప్ఫై ఏళ్ళలో ఒక్క దొంగగీత గీయని మనిషి. "మీరే వచ్చి చూడండి సార్," అని మాత్రం అని వెళ్ళిపోయాడు. ఆయన గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అయినా నోరు మెదపలేదు. నా డిగ్రీ సార్ చేతిలో ఉంది మరి. ఆ పిరికితనం ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

సంతకం ఆగింది. మర్నాడు ఎవరూ చెప్పకుండానే మామయ్య మళ్ళీ రోడ్డు పక్కన కుర్చీ వేశాడు. తప్పు చేసినవాడిలా నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. తొమ్మిదింటికి సార్ వచ్చారు. చేతిలో బ్యాగు, కాళ్ళకు మెరిసే బూట్లు. మా వైపు చూడనైనా చూడకుండా రోడ్డు మీదికి దిగారు. లారీ హారన్ కొట్టింది, చటుక్కున వెనక్కి ఎక్కారు. మళ్ళీ దిగారు, మళ్ళీ ఎక్కారు. మూడోసారి బస్సు ఆయన బ్యాగును రాసుకుంటూ పోయింది. మామయ్య మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. పెన్సిల్ మాత్రం మూడుసార్లు కదిలింది.

సార్ చెమట తుడుచుకుంటూ మా దగ్గరికొచ్చారు.

"ఇందులో నావెన్ని?"

"మూడు సార్."

"నిన్న నోరు జారాను, ఏమనుకోకు," అన్నారు మామయ్యతో. తర్వాత నా వైపు తిరిగి, "ఫారం వెనక వీళ్ళకీ గడులు వెయ్యి. నివేదిక మళ్ళీ రాయి," అన్నారు.

ఏడాదికి సిగ్నల్ వచ్చింది. అది ఎలా పనిచేస్తోందో చూడటానికి మళ్ళీ సర్వే. ఆ పొద్దున మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి అట్టా పెన్సిలూ నా చేతిలో పెట్టాడు.

"ఇవాళ నువ్వు లెక్కపెట్టు అల్లుడూ. నేను దాటాలి."

అత్తయ్య ఆయన చెయ్యి పట్టుకుని నిలబడింది. ఎర్రదీపం పడింది. బస్సులు ఆగాయి, లారీలు ఆగాయి. ఇద్దరూ తొందరేం లేకుండా నడిచారు. ఎదురు బాల్కనీలో పెద్దావిడ ఫోన్ ఇంకా చెవికి ఆనించుకునే ఉంది, అవతల మాట్లాడేవాళ్ళు లేకపోయినా.

మామయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ రోజు నేను గీసిన ఫారం నా సొరుగులోనే ఉంది. కెమెరాలు బాగానే లెక్కపెడతాయి, కాదనను. కానీ వాటి మీద విసుగొచ్చినప్పుడల్లా దాన్ని తీసి చూస్తాను. తొమ్మిదిన్నర గడిలో రెండు గీతలు వంకరగా పడ్డాయి. నాకు కళ్ళు సరిగా కనబడలేదు మరి. కాగితం తిరగేస్తే, ఆ పావుగంటకి వెనకవైపు ఒక్క గీత కూడా లేదు.