వాకిట్లో చారెడు జాగా

మా ల్యాబ్ మేడమ్ పోయిన సంగతి నాకు బస్సులో తెలిసింది. బత్తలపల్లెలో ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నానో లేదో, వాళ్ళాయన ఫోన్ చేశారు. "మీ మేడమ్ లేదమ్మా ఇంక. పొద్దున టీ పెట్టుకుంటా పడిపోయింది. గుండె అన్నారు. కాలేజీలో నువ్వే చెప్పాల," అన్నారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. ఫోన్ పెట్టేసి నేనే ఏడ్చేశాను. పక్క సీటులోని ముసలామె ఎవరు పోయారని కూడా అడగకుండా తన కొంగుతో నా మొహం తుడిచింది.

బస్సు దిగేలోపే కాలేజీ గ్రూపులో "ఆమె ఆత్మకు శాంతి కలగాలి" అని వరసగా వచ్చి పడ్డాయి. చదివేకొద్దీ నాకు ఒళ్ళు మండింది. ఆమెకు శాంతి ఎందుకు? బతికినన్నాళ్ళూ దాని జోలికే పోలేదు. కరస్పాండెంట్ గారితో, కరెంటు ఆఫీసుతో, కిటికీలోంచి వచ్చే ఎర్రదుమ్ముతో, చచ్చిపోయిన డిస్కులతో పోట్లాడుతూనే ఉన్నారు. ఆమెను ఎరగని మీకు నేను ఇప్పుడొక శాంతమూర్తిని చూపిస్తే ఆమె నన్ను క్షమించరు. అందుకని పోట్లాట సంగతే రాస్తాను.

బుక్కరాయసముద్రం దాటాక రోడ్డు పక్కన ఉంటుంది మా ఆడపిల్లల డిగ్రీ కాలేజీ. చెనక్కాయ చేలల్లో కూలికి పోయేవాళ్ళ పిల్లలు, గొర్రెలు కాసేవాళ్ళ పిల్లలు ఎక్కువ. చాలామంది ఇళ్ళల్లో ఫోన్ ఉంటుంది, అది నాయన జేబులో ఉంటుంది. కంప్యూటర్ మీద చెయ్యి పెట్టాలంటే మా ల్యాబే దిక్కు. నేనూ అక్కడే చదివి, ఆమె దగ్గరే పని నేర్చుకుని, అక్కడే పాఠాలు చెబుతున్నాను.

మేడమ్‌ది కర్ణాటక సరిహద్దు పక్కనుండే గుమ్మఘట్ట. కోపం వస్తే మాట కన్నడంలోకి జారేది. "సుమ్నిరు" అన్నారంటే ల్యాబంతా నోరు మూసుకునేది. మధ్యాహ్నం డబ్బాలో వారంలో సగం రోజులు బొరుగుల ఉగ్గానే. తింటూ తింటూ ఎవరి తెర మీదైనా తప్పు కనిపిస్తే స్పూన్‌తోనే చూపించేవారు. పొద్దున రాగానే తడిగుడ్డలు పిండి కిటికీలకు కట్టడం ఆమె మొదటి పని. "తలుపేసుకోండి, దుమ్ము వస్తాండాది" అన్నది మేం రోజంతా వినే మాట. ల్యాబ్‌లో ఒక మాట మాత్రం ఎవరూ అనకూడదు. ఏ పిల్లయినా "మేడమ్, పాడైపోయింది" అంటే ఆమె లేచి వచ్చేవారు కాదు. "పాడైందని చెప్పొద్దు పాపా. యాడ ఆగిందో చెప్పు," అనేవారు. ఆ పిల్ల వెనక్కి పోయి చూసి, ఎక్కడ ఆగిందో చెప్పేసరికి సగం పని అయిపోయేది.

మా ల్యాబ్ మొత్తానికి ఒక పెద్ద మిషన్ ఉంది. పిల్లల ఫైళ్ళూ, పాఠాలూ, ప్రాక్టికల్సూ అన్నీ అందులోనే. మిగతా కంప్యూటర్లు దాని మీద ఆధారపడి నడుస్తాయి. అది లేవకపోతే ఆ రోజు ల్యాబ్ లేనట్టే. ఒక ఎండాకాలం దాని డిస్క్ నిండిపోయి, పైగా మొరాయించడం మొదలుపెట్టింది. కరస్పాండెంట్ గారు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశారు. ఆయన చెడ్డవాడు కాదు గానీ, పాత వస్తువు కంటపడితే చాలు గుజిరీవాడికి కబురు పెట్టే మనిషి.

"ల్యాబ్ తీసేద్దాం మేడమ్. ఈ గదిలో పెద్ద టీవీ పెట్టిస్తా. పిల్లలు చూసి నేర్చుకుంటారు," అన్నారు.

"చూసి నేర్చుకుంటారా సార్? మీరు డ్రైవింగు టీవీలో చూసి నేర్చుకున్న్యారా?"

"కొత్తవి కొనేకి దుడ్లు యాడివి మేడమ్?"

"కొత్తవి అడిగినానా నేను? పోయిన మిషన్లలోని డిస్కులు ఇయ్యండి. సెలవులు ముగిసేలోపల నిలబెడతా."

"నిలబడకపోతే?"

"అప్పుడు దాన్నీ గుజిరీకి ఏసుకోండి, నన్నూ ఏసుకోండి."

అలా సెలవుల్లో ఆమె, నేను ల్యాబ్‌లో కూర్చున్నాం. మూలపడ్డ కంప్యూటర్లలోంచి తీసిన చిన్న చిన్న డిస్కులు బల్ల మీద పరిచాం. పరీక్ష చేస్తే మూడు మాత్రం ఇంకా ఊపిరితో ఉన్నాయి. ఆ మూడింటినీ కలిపి ఒకటిగా వాడుకోవాలన్నది ఆమె పథకం. లాజికల్ వాల్యూమ్ అంటారు దాన్ని. మా జిల్లాలో ఇది ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక్క బోరుతో చేను పారదు కాబట్టి, కొద్దికొద్దిగా పోసే బోర్లన్నిటినీ ఒకే తొట్టిలోకి మళ్ళించి, తొట్టి నుంచి పారిస్తారు. చేనికి అవి ఏ బోరు నీళ్ళో తెలియదు. ఇదీ అంతే. పైగా ప్రతి ఫైలూ ఒకటికంటే ఎక్కువ డిస్కుల మీద ఉండేలా పెట్టుకుంటే, ఒక డిస్క్ పోయినా ఫైలు పోదు.

చిక్కంతా మిషన్‌ను లేపడంలో వచ్చింది. కరెంటు ఇవ్వగానే కంప్యూటర్‌లో మొదట ఒక చిన్న ప్రోగ్రామ్ మేలుకుంటుంది. బూట్‌లోడర్ దాని పేరు. అసలు సిస్టమ్ డిస్క్‌లో ఎక్కడుందో వెతికి, దాన్ని లేపి, అది పక్కకు తప్పుకుంటుంది. మేడమ్ దాన్ని "లేపేది" అనేవారు. బెంగళూరులో ఇట్లాంటి మిషన్లు చూసుకునే ఉద్యోగం చేసే పాత విద్యార్థిని ఫోన్‌లో సలహా చెప్పింది.

"లేపడానికి కావలసిన ఫైళ్ళు ఆ తొట్టిలో కలపొద్దు మేడమ్. విడిగా ఒక చిన్న భాగంలో పెట్టండి. అందరూ అట్లే చేస్తారు."

"ఆ చిన్న భాగం ఏదో ఒక డిస్క్ మీదే కదా ఉండేది? ఆ డిస్క్ పోతే?"

"అంత తొందరగా యాడ పోతాది మేడమ్?"

"అందరికీ కొత్త డిస్కులుంటాయి పాపా. నా దగ్గరుండేవి మూడూ ముసలివే. ఆ ఒక్కటి పోతే పిల్లల ఫైళ్ళన్నీ భద్రంగా ఉండి, లేపే దిక్కులేక మిషన్ పడుకుంటాది. తొట్టినిండా నీళ్ళుండి మోటారు ఆన్ కానట్ల. నాకొద్దు. అవి కూడా అందరితో పాటు తొట్టిలోనే ఉండాల, లేపేదానికి తొట్టిలో చూసే చదువు నేను చెప్తా."

ఆ చదువు చెప్పడం కుదిరే పనే. లాజికల్ వాల్యూమ్‌లను చదవగలిగే ప్రోగ్రామ్ ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని బూట్‌లోడర్‌తో కలిపి ఎక్కించాలి. మేడమ్ అన్నీ సరిగ్గానే చేశారు. కానీ ఎక్కించబోతే అది ఎక్కనంది. నన్ను పెట్టడానికి ఇక్కడ చోటు లేదు అని అర్థం వచ్చే నాలుగు ముక్కలు తెర మీద పడ్డాయి. మళ్ళీ చేశారు, మళ్ళీ అదే. నేను ఉండబట్టలేక అన్నాను.

"మేడమ్, ఇది పాడై..."

"సుమ్నిరు!"

కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, తెర మీది నాలుగు ముక్కలూ మళ్ళీ చదివారు. ఉన్నట్టుండి నెత్తి కొట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. "చూడు పాపా, మన కరువు బుద్ధి పోనిచ్చుకున్న్యాం కాదు. ఒక్క చుక్క వదిలేకి మనసు రాక, డిస్కులు మూడూ ఈ కొస నుంచి ఆ కొసదాకా తొట్టికే రాసిచ్చేసినా. లేపేది వచ్చి యాడ నిలబడాల? ఇల్లంతా కట్టి వాకిలి మర్చిపోయినట్లయింది."

నిజంగానే మా వైపు మనుషులే చేసే తప్పు అది. ఉన్నదే కొంచెం కదా అని ఏ మూలా వదలం. డిస్క్ మొదట్లో బూట్‌లోడర్‌కు ఇంత ఖాళీ విడిచిపెట్టాలన్నది ఆమెకు తెలియక కాదు, చెయ్యి రాలేదు. వారం పని చెరిపేసి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం పందెం కోడిపుంజులా తయారయ్యారు. ఈసారి మూడు డిస్కుల వాకిట్లోనూ చారెడు జాగా విడిచి, మిగతాదే తొట్టికి ఇచ్చారు.

"మూడిట్లో ఎందుకు మేడమ్? మొదటి డిస్క్‌లో ఒక్క లేపేది ఉంటే చాలదా?" అన్నాను.

"ఏం పాపా, ఈ సీమలో పుట్టి, మొదటి బోరును నమ్ముకుని ఎవరన్నా బతికినారా? ప్రతి వాకిట్లోనూ ఒకతి కావలి ఉండాల," అన్నారు. తర్వాత నన్ను టీ తెమ్మని పంపించేసి, ఒక్కో డిస్క్ మీదా బూట్‌లోడర్‌ను తనే విడివిడిగా ఎక్కించారు. నేను టీ పట్టుకుని వచ్చేసరికి తనలో తను నవ్వుకుంటున్నారు. ఎందుకంటే చెప్పలేదు.

సెలవులయ్యాక కరస్పాండెంట్ గారి ముందర మిషన్ ఆన్ చేశాం. నల్లటి తెర మీద, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట తెల్లగా వచ్చింది: "లేస్తాండా, ఉండు." లేపేదాని నోట మేడమ్ పెట్టిన మాట అది. వెనకే మిషన్ లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి పొద్దున్నే ఆ మాట చదివితే గానీ మా ల్యాబ్ మొదలయ్యేది కాదు. రిటైరయ్యాక కూడా మేడమ్ ఏదో వంకతో వచ్చి ఆ మాట చూసుకుని పోయేవారు.

ఆమె పోయిన మూడో రోజు ల్యాబ్‌లోనే సంతాప సభ పెట్టారు. ఆ పొద్దున కరెంటు పోతూ వస్తూ, పోతూ వస్తూ ఉంది. పెద్ద మిషన్ ఆన్ చేస్తే తెర నల్లగానే ఉండిపోయింది. లోపల టక్కు టక్కుమని చప్పుడు. బల్ల మీద మేడమ్ ఫోటో, దానికి బంతిపూల దండ. కరస్పాండెంట్ గారు ఆమెను మెచ్చుకుంటూనే మాట్లాడారు, కాదనను. చివర్లో మాత్రం మిషన్ వైపు చూసి, "మేడమ్ పోయినారు, ఆమె మిషనూ పాడైపోయింది. ఇద్దరూ ఒకేసారి సెలవు తీసుకున్న్యారు. ఇంక ఈ గది సంగతి కూడా ఆలోచిద్దాం," అన్నారు.

ఏడవడానికి వచ్చినదాన్ని, ఆ ఒక్క మాటతో నా ఏడుపు ఆవిరైపోయింది. ఆయన ముందు గొంతెత్తడం నాకు అలవాటు లేదు.

"పాడైందని చెప్పొద్దు సార్," అన్నాను. "యాడ ఆగిందో చూద్దాం."

సభ సభగానే ఉండగా మిషన్ మూత విప్పాను. టక్కుమంటున్నది మొదటి డిస్క్. చెయ్యి పెడితే కాలుతోంది. దాని పని అయిపోయింది. దాని కేబుల్ పీకేశాను. పిల్లలు దండలూ అగరొత్తులూ వదిలేసి నా చుట్టూ మూగారు. మేడమ్ ఫోటో కాస్త పక్కకు జరిపి, తెర అందరికీ కనిపించేలా తిప్పి, స్విచ్ వేశాను.

అందరం "లేస్తాండా, ఉండు" కోసమే చూశాం. అది రాలేదు. అంతలో, మాలో ఎవరం ఎప్పుడూ చూడని మాట తెర మీదికి వచ్చింది.

"మొదటిది పోయిందా? పోనీ. నేనుండా."

పిల్లల్లో ఒకతి దాన్ని పైకి చదివింది. చదువుతూ చదువుతూనే ఏడ్చేసింది. మిషన్ ఒక పక్క తాపీగా లేస్తూ ఉంది, ఫైళ్ళు ఒక్కటీ పోలేదు. కరస్పాండెంట్ గారు తెర ముందుకు వంగి ఆ మాట తనూ చదువుకున్నారు. ఏదో అంటారనుకున్నాను. "తలుపేసుకోండి. దుమ్ము వస్తాండాది," అని మాత్రం అని బయటికి వెళ్ళిపోయారు. గుజిరీవాడు ఇంతవరకు రాలేదు. వస్తే గేటు దగ్గరే మాట్లాడుకుంటాం, నేనూ నా పిల్లలూ.

ఇప్పుడు రోజూ ఆ రెండో మాటతోనే ల్యాబ్ మొదలవుతోంది. పోయిన డిస్క్ చోట పెట్టడానికి ఇంకొకటి వెతుకుతున్నాం. మూడో డిస్క్ పిల్లలకు పెద్ద కుతూహలమైపోయింది. "రెండోదాని వైరు తీసి ఒక్కసారి చూద్దాం మేడమ్, దాన్లో ఏం రాసినారో," అని నా ప్రాణం తీస్తున్నారు. ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానన్నాను. మేడమ్ ఇంకా అనని మాట ఒకటి ఆ పెట్టెలో సన్నగా గుర్రుమని తిరుగుతోంది. తిరగనీ.