సర్దార్ కాపలా కాసిన మక్క చేను

ఎల్లారెడ్డి ఊరి దగ్గర మా బావ మక్క చేను ఒక్క పగట్లో కోతుల పాలయ్యేదాకా వచ్చిందంటే, అందుకు కోతులను నిందించడం అన్యాయం. బొట్టు పెట్టి పిలవడం ఒక్కటే తక్కువ, మిగతా మర్యాదలన్నీ నేనే చేశాను. అప్పట్లో నాకు కామారెడ్డిలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. దానితోపాటు నాకన్నీ తెలుసునన్న నమ్మకం కూడా వచ్చింది. ఉద్యోగం మాత్రం ఇంకా ఉంది.

ఆ రోజుల్లోనే హైదరాబాదు స్నేహితుడొకడు బదిలీ మీద దూరం పోతూ తన కుక్కను నాకు అప్పగించాడు. పేరు సర్దార్. చూడ్డానికి మంచు దేశాల్లో బండ్లు లాగే హస్కీయే. కాకపోతే వేడినీళ్ళలో ఉతికితే ముడుచుకుపోయిన ఉన్ని స్వెటర్‌లా, మోకాలి దాకా కూడా రాదు. ముఖం మీద ముసుగు, చుట్ట తిరిగిన తోక, నీలం కళ్ళు. జాతి అలాస్కన్ క్లీ కాయ్ అట. అలాస్కాలో ఒకావిడ, ఇంట్లో పెంచుకోవడానికి వీలుగా, హస్కీలను చిన్న కుక్కలతో కలిపి ఈ జాతిని తయారు చేసిందట. ఇదంతా ఫోనులో చెప్పి స్నేహితుడు, "ఇగ దీని గుణం సంగతి జర విను" అన్నాడు. హస్కీ, మంచు, అలాస్కా అన్నాక ఇంకా వినాల్సిందేముంటుంది? నేను చూసుకుంటాలే అని పెట్టేశాను. సంబంధం చూడబోయి ఇంటిపేరు, ఎత్తు అడిగి, గుణం అడగకుండా తాంబూలాలు పుచ్చుకునే పెద్దమనుషులు ఉంటారే, వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మా అక్కను ఇచ్చింది ఎల్లారెడ్డిలో. ఆ ఏడు మొక్కజొన్న కంకి గింజ పట్టే వేళకు కోతుల మంద దిగింది. గట్టు పక్క సాళ్ళు అప్పటికే వలిచి తిన్నాయి. మిగిలింది చేతికొస్తేనే ఆ ఏటి కష్టం దక్కినట్టు. అక్కా బావా వంతులు వేసుకుని, పొద్దంతా మంచె మీద డబ్బా కొడుతూ కూర్చుంటున్నారు. ఇంతలో మాచారెడ్డిలో దగ్గరి చుట్టాల పెళ్ళి వచ్చింది. ఇద్దరూ పోక తప్పదు. నేను సర్దార్‌ను బండి ముందర కూర్చోబెట్టుకుని దిగాను.

బావ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. "గిది కుక్కనా, నక్క పిల్లనా?"

"దీని తాతముత్తాతలు తోడేళ్ళ నడుమ పెరిగినయ్ బావా. నువ్వు నిమ్మలంగ పెండ్లికి పో. ఒక్క కంకి పోతే నన్నడుగు."

"నిన్నడిగితే కంకి మల్ల మొలుస్తదా?"

తమ్ముడు అంత గట్టిగా చెబుతున్నాడు కదా అని అక్కే బావను ఒప్పించింది. పోతూ పోతూ డబ్బా నా చేతికివ్వబోయింది. సర్దార్ ఉండగా డబ్బా పట్టుకోవడం వాడికి అవమానమని చెప్పి, దాన్ని ఇంట్లోనే పెట్టించి తాళం వేయించాను.

మొదట్లో అంతా శుభసూచకంగానే ఉంది. గట్టు మీద తొండ కనబడగానే సర్దార్ బాణంలా దూసుకుపోయాడు. నా ఛాతీ ఉప్పొంగింది. కాసేపటికి కోతులు వచ్చాయి. ముందున్న పెద్ద కోతి సర్దార్ కంటే పెద్దది. సర్దార్ దాన్ని చూశాడు. చెవులు వెనక్కి వాల్చి, మంచె నిచ్చెన మూడంగల్లో ఎక్కి, నా ఒళ్ళో కూర్చుని, "ఊఁ... ఊఁ..." అని తన బాధంతా నాతో చెప్పుకున్నాడు. కొత్త మొహం కనబడితే బెదిరి దూరం జరగడం ఆ జాతి గుణమట. స్నేహితుడు చెప్పబోయింది అదే. మాటలు కోటలు దాటాయి గానీ, కుక్క మాత్రం నా ఒడి దాటలేదు.

మట్టిపెళ్ళలు విసిరాను. కోతులు పక్కకు జరిగి మళ్ళీ కంకులు విరిచాయి. కేకలు వేశాను. తింటూ విన్నాయి. బావ మొహం కళ్ళ ముందు ఆడింది. ఇంకొక్క సాలు పోతే ఎల్లారెడ్డిలో నాకు మొహం చెల్లదు. ఇక లాభం లేదని మంచె దిగి, చేతులు నేలకానించి, సాళ్ళలోకి దూరి, గొంతు చించుకుని మొరిగాను. కోతులు ఆగాయి. మళ్ళీ మొరిగాను. అటు గట్టు మీదికి ఉరికాయి. కుక్క పని కుక్క చేయాలి, గాడిద పని గాడిద చేయాలి అన్నారు పెద్దలు. కుక్క పని బావమరిది చేస్తే ఏమవుతుందో చెప్పలేదు. గొంతు పోవడం మొదలవుతుంది. అయినా వదల్లేదు. అవి వచ్చినప్పుడల్లా మొరిగాను. మోచేతులు గీసుకుపోయినా మొరిగాను. పొద్దు గూకేదాకా ఒక్క సాలు కూడా పోనివ్వలేదు. సర్దార్ మంచె మీద పడుకుని, ఎవరి కుక్కో అన్నట్టు నన్నే చూస్తున్నాడు.

అక్కా బావా వచ్చేసరికి పక్క చేను పోచయ్య ఎదురొచ్చాడు. ఆయనకు ఎత్తైన మక్కల అవతల నుంచి చప్పుడే గానీ మనిషి కనబడలేదు.

"మీ బామ్మర్ది కుక్క మామూలుది గాదే. పొద్దంత ఒక్క తీరుగ మొరిగింది," అన్నాడు. "నడుమ నడుమ దగ్గింది గూడ."

బావ నిద్రపోతున్న సర్దార్‌ను చూశాడు. మట్టి కొట్టుకున్న నా మోచేతులను చూశాడు. ఏమైందిరా అని అక్క అడిగితే నా నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"రేపు మా చేనుకు తోలుండ్రి," అన్నాడు పోచయ్య.

"అట్లనే. కానీ దీని వెంబడి మా బామ్మర్ది రావాలె. లేకుంటే మొరగదు," అన్నాడు బావ, నవ్వు బయటపడకుండా.

ఆ మాట కాదనడానికి నాకు గొంతు లేదు, ఒప్పుకోవడానికి మొహం లేదు. ఇక నుంచి ఏ జీవినైనా సరే, ముందు గుణం అడిగి, ఆ తర్వాతే పుట్టుకా ఎత్తూ అడుగుతానని, గుణం తెలియని జాతిని జన్మలో పొగడనని, సూర్యుడి సాక్షిగా ఘోర ప్రతిజ్ఞ చేశాను. చేసింది మర్నాడు, పోచయ్య చేనులో, రెండు మొరుగుళ్ళ మధ్య.