నాలుగింటి గెంతులు

మూడో అంతస్తులో ఉండే ఆవిడను ఆ భవనంలో అందరూ దబదబమ్మ అనేవారు. ముఖాన కాదు లెండి, మెట్ల మీద. రోజుకు నాలుగుసార్లు, పదింటికి, పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి, తాడు పట్టుకుని రెండేసి వందల గెంతులు గెంతేది. ఆ దెబ్బకు కింది అంతస్తుల్లో గాజు గ్లాసులు గలగలమనేవి.

సరదాకి గెంతేది కాదు. ఆవిడ పని కోర్టు వాంగ్మూలాలు టైపు చేయడం. ఇంట్లోనే. కిటికీ పక్కన బల్ల, చెవులకు హెడ్‌ఫోన్లు, రికార్డింగును ఆపడానికీ వెనక్కి తిప్పడానికీ కాలి కింద ఓ పెడల్. ఎనిమిదేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని ఎవరు ఎవరిని దేంతో కొట్టారో టైపు చేసింది. ఇటుకతో. బెల్టు బకిల్‌తో. మరిగే నీళ్ళతో. పళ్ళు ఊడాయని సాక్షి చెబితే, పై పళ్ళా కింది పళ్ళా అని వెనక్కి తిప్పి విని మరీ ఎక్కించేది. వినీ వినీ మనసు రాయైపోయిందనుకునేది గానీ, ముందు రాయైంది నడుము. ఓ పొద్దున కుర్చీలోంచి లేవలేక నేల మీద పాకింది. ఇలాగే కూర్చుంటే యాభై నిండకుండానే మంచమెక్కుతావని డాక్టరు తిట్టి పంపాడు. రెండు గంటలకోసారి లేచి చెమట పట్టించాలన్నాడు. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే భర్త ఆ సాయంత్రమే చెక్క పిడుల తాడు కొనుక్కొచ్చి, నీ నడుముకు గ్యారంటీ ఇస్తాను గానీ శ్లాబుకు ఇవ్వలేనన్నాడు.

భవనంలో గొడవలు మొదలయ్యాయి. ఒకటో అంతస్తులోని రిటైర్డ్ గుమాస్తా మెట్ల మీద అడ్డం నిలబడి నిలదీశాడు. నాలుగో అంతస్తు టైలరు, మిషన్ మీద సూది అదురుతోందని పోట్లాడాడు. సరిగ్గా కాళ్ళ కింద, రెండో అంతస్తులో ఉన్నవాడు మాత్రం నవ్వుతూ వచ్చాడు. అతనిదీ ఇంట్లోంచి చేసే పనే, ఫోన్లో బీమా పాలసీలు అమ్ముతాడు. ఆరోగ్యం ముందు అక్కా, టైములు చెప్పండి చాలు, ఆ టైముకు కాల్స్ పెట్టుకోను అన్నాడు. దబదబమ్మ పొంగిపోయింది. నాలుగు టైములూ కాగితం మీద గుండ్రంగా రాసి, తనే వెళ్ళి ఇచ్చి వచ్చింది. అతను దాన్ని ఫ్రిజ్ తలుపుకు అతికించాడు. చదువుకున్న మనిషంటే అలా ఉండాలని వారం రోజులు భర్త చెవిలో ఊదరగొట్టింది. ఆ మాట గుర్తొస్తే ఆవిడకు తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుంది ఇప్పటికీ.

పదకొండు నెలలు అలా గడిచాయి. నడుము నొప్పి పోయింది. పిక్కలు ఇనుమయ్యాయి. ఓ మధ్యాహ్నం డాబా మీద బట్టలు ఆరేస్తుంటే, పాలసీలవాడి భార్య పక్కకొచ్చి నిలబడింది. ఎవరితోనూ మాట్లాడని పిల్ల. ముప్పై కూడా ఉండవు.

"అక్కా, ఆ నాలుగింటిది మానేస్తారా?"

దబదబమ్మకు చిర్రెత్తుకొచ్చింది. మీ ఆయనకు లేని ఇబ్బంది నీకేమిటని దులిపేసింది. ఆ పిల్ల కుర్తా చేతిని భుజం దాకా లాగింది. బెల్టు వాతలు, పాతవి పచ్చగా, కొత్తవి నల్లగా. మోచేతి లోపల సిగరెట్టు కాలిన మచ్చలు వరసగా. చిటికెన వేలు విరిగి, వంకరగా అతుక్కుని ఉంది.

"నాలుగింటికి ఆయన కాల్స్ అయిపోతాయి. మీరు మొదలుపెట్టగానే లేస్తాడక్కా. మీరు ఆపేలోపు ముగించాలి ఆయనకి. రెండువందలూ నేనే లెక్కపెడతా. మీరు అలిసిపోయి నూట యాభైకే ఆపిన రోజు బతికిపోయాననుకుంటా."

పోలీసులకు చెప్పలేదా అని అడిగింది దబదబమ్మ. చెప్పిందట. వాళ్ళు వచ్చి ఇరుగుపొరుగును అడిగితే, పైనావిడ గెంతుతుందండీ, ఆ చప్పుడేనని అందరూ ఒకటే మాట అన్నారట. ఆ మొగుడు ఫ్రిజ్ మీది కాగితం కూడా చూపించాడట.

"మీ చేతిరాతే అక్కా," అంది ఆ పిల్ల. ఖాళీ బకెట్టు తీసుకుని దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు దబదబమ్మ పదింటికి గెంతలేదు. పన్నెండింటికీ, రెండింటికీ లేవలేదు. హెడ్‌ఫోన్లు తీసి పక్కన పడేసి కింది గది వైపు చెవి పెట్టి కూర్చుంది. చడీచప్పుడూ లేదు. నేరుగా వెళ్ళి తలుపు కొట్టొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. ఎనిమిదేళ్ళు టైపు చేసిన మనిషికి ఆ తర్వాత ఏం జరుగుతుందో తెలుసు. వకీలు లేచి మొదట అడిగేది ఒక్కటే, ఎవరైనా విన్నారా అని. విన్నవాళ్ళు లేక గాలికి పోయిన కేసులు ఆవిడ వేళ్ళ మీదుగానే పోయాయి. అందుకే ఒక ఆలోచన చేసింది. భర్తకు చెప్పలేదు. ఆ పిల్లకూ చెప్పలేదు.

నాలుగింటికి తాడు తీసింది. ముప్పై గెంతింది, టక్కున ఆగిపోయింది.

చప్పుడు ఆగలేదు.

కింద దబ్బుమంది. మళ్ళీ దబ్బుమంది. గోడకేసి తలను కొడుతున్న చప్పుడు. ఆ ఊపులో వాడు పైన గెంతులు ఆగింది గమనించలేదు. ఇన్నాళ్ళూ తన పాదాలవే అనుకున్న చప్పుళ్ళు ఆవిడ కదలకుండా నిలబడి వింది. నాలుగోదానికి ఆ పిల్ల కేక పెట్టింది. మెట్ల పొడుగునా తలుపులు తెరుచుకున్నాయి. టైలరు మెడలో టేపుతో దిగాడు, గుమాస్తా రొప్పుతూ ఎక్కాడు. వాళ్ళకంటే ముందు దబదబమ్మ దిగి ఆ తలుపును తన్నింది. పదకొండు నెలలు గెంతిన కాలు అది. మూడో తన్నుకు గడియ ఊడి ఎగిరిపడింది.

ఆ పిల్ల జుట్టు వాడి పిడికిట్లో ఉంది. గోడ మీద రక్తం జారుతోంది, ఎడమ చెవిలోంచి మెడ మీదికి కారుతోంది. వాడు తిరిగి చూసి, రెండో చేతిలోని బెల్టుతో దబదబమ్మ ముఖాన ఒక్కటిచ్చాడు. పెదవి చిట్లింది. ఆవిడ చేతిలో తాడు ఇంకా అలాగే ఉంది. చెక్క పిడితో వాడి ముక్కు మీద కొట్టింది. ఎముక పుటుక్కుమంది. వాడు గొంతు పట్టుకున్నాడు. పిక్క బలమంతా పెట్టి మోకాలితో పొత్తికడుపులో పొడిచింది, కూలబడ్డవాడి మీదెక్కి నోటి మీద కొట్టింది, కొడుతూనే ఉంది. ఎన్ని దెబ్బలో ఆవిడకు లెక్క లేదు. టైలరు లెక్కపెట్టానని భవనమంతా చెప్పుకున్నాడు గానీ, కోర్టులో అడిగితే మరిచిపోయానన్నాడు. వాడికి రెండు పళ్ళు పోయాయి. పై పళ్ళే.

ఆ పిల్లకు ఎడమ చెవిలో వినికిడి పోయింది. ఆనాటి గోడ దెబ్బలకే పోయిందని, ఇక రాదని డాక్టరు తేల్చేశాడు.

ఐదు నెలలకు కేసు విచారణకొచ్చింది. గుమాస్తా విన్నానన్నాడు, టైలరు విన్నానన్నాడు. ఇన్నేళ్ళూ చెవులతోనే చూసిన బోనులోకి దబదబమ్మ ఎక్కింది. పెదవి మీద కుట్ల మచ్చ ఇంకా ఎర్రగా ఉంది. మొగుడి తరఫు వకీలు చాలా మర్యాదగా అడిగాడు.

"మీరు గెంతితే ఆయన కొడతాడని మీకు ముందురోజే తెలుసు కదమ్మా. మరి ఆ రోజు ఎందుకు గెంతారు?"

ఆవిడ కాలు బోనులో నేలను తడిమింది, వెనక్కి తిప్పే పెడల్ కోసం. అక్కడ ఉత్త చెక్కే ఉంది.

"ఎవరైనా విన్నారా అని మీరు అడుగుతారు కదండీ," అంది. "అందరికీ వినబడాలనే గెంతాను."

ముందు వరుసలో, బోను వైపు ఎడమ చెవి పెట్టి కూర్చున్న ఆ పిల్లకు ఆ మాట అందలేదు. పక్కనున్న దబదబమ్మ భర్త వైపు వంగింది.

"అక్క ఏమంది బావగారూ?"

మెకానిక్ తల దించుకున్నాడు. ఆ పిల్ల మళ్ళీ అడిగింది.