దీపం ఆర్పాక చదివే రాత

ల్యాబులో అతినీలలోహిత దీపం స్విచ్చి టక్కుమంటే చాలు, నాకు ఖాదర్ సార్ గొంతు వినిపిస్తుంది. "వెలిగించినప్పుడు కాదమ్మా, ఆర్పినాక చూడు." అనంతపురంలో నా పరిశోధనకు ఆయనే గైడు. మా పని చూసేవాళ్లకు గారడీలా ఉండేది. కాగితం మీద కంటికి కనబడని రాత. దీపం వేసి ఆర్పితే నాలుగు క్షణాలు పచ్చగా మెరిసేది. దాన్నే స్ఫురదీప్తి అంటారు. దొంగ సర్టిఫికెట్లు పట్టుకోవడానికి పనికొస్తుందని మా ఆశ. మెరిసే అణువు మాత్రం చక్కెర జాతి అణువు గూటిలో, కాయలో వేరుశెనగ గింజలా, కదలకుండా ఇమిడి ఉండాలి.

నా థీసిస్ పరీక్షించే ప్రొఫెసరు సముద్రం ఒడ్డున ఉండే ఊరాయన. నమూనాలు పోస్టులో పంపాను. ఏదీ మెరవలేదనీ, ఫలితాలు నమ్మదగ్గవి కావనీ జవాబు రాశారు. డిగ్రీ పోతే పోయె, అబద్ధాలకోరునన్న పేరు మోయాలి గదా అని కుమిలిపోయాను.

సార్ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఈడ మెరుస్తాండాది, ఆడ మెరవలేదు. తేడా యాడుందో చూద్దాం పా" అన్నారు. మూడు వారాలు మందులు మార్చాం, దీపాలు మార్చాం. మా దగ్గర అది ప్రతిసారీ నిక్షేపంగా మెరిసేది.

ఒక మధ్యాహ్నం వాన పట్టింది. వానొస్తే ఎవరైనా కిటికీలు మూస్తారు, మేం సీమవాళ్లం తెరుస్తాం. ఆ తేమగాలికి బల్ల మీది కాగితాలన్నీ మెరుపు పోయి చచ్చుబడ్డాయి. నేను ఏడుపు మొహం పెడితే సార్ కళ్లద్దాలు తీసి మరీ నవ్వారు.

"గాలిలో తడి ఉంటాదని ఇద్దరమూ మర్చిపోతిమి గదమ్మా. పుట్టినకాడి నుంచి యాడ చూసినాం దాన్ని?"

తేమ చేరితే గూడు పట్టు సడలి, లోపలి అణువు కదిలి మెరుపు పోతుంది. హీటరు దగ్గర ఆరబెట్టాం, మళ్లీ మెరిసింది. అక్కడ ప్రొఫెసరుగారూ ఆరబెట్టి చూసి ఒప్పుకున్నారు. ఆ కబురందిన పూట ఇంత సంగటి తిని పడుకున్నదాన్ని మర్నాడు పొద్దెక్కాకే లేచాను.

వాన నన్ను కాపాడిందని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. సార్ పోయాక ఒక సదస్సులో ఆ ప్రొఫెసరుగారు కలిశారు. "నా ఉత్తరం అందిన రోజే మీ సార్ ఫోన్ చేశారమ్మా. 'ఆ పిల్ల అబద్ధమాడదు, తప్పని తేలితే నా గైడుషిప్పు తీసేయమని రాయండి' అన్నారు" అన్నారాయన.

అప్పటికి వాన జాడే లేదు. ఇప్పుడు నా దగ్గర ఐదుగురు విద్యార్థులున్నారు. ఎవరి ప్రయోగం తిరగబడినా ముందు వాళ్లను నమ్ముతాను, తర్వాతే కారణం వెతుకుతాను.