రోల్ నిండేదాకా

ఆ పదకొండు ఫొటోలు ఎందుకు పాడుచేశావని నన్ను ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. నిన్న పటాన్‌చెరులో మా చిన్నప్పటి చాచా ఫొటో స్టూడియో ఉండిన గదిలో మొబైల్ కవర్లు అమ్ముతుంటే చూశాను. నాన్న మీద ఆ పాత కోపం మళ్లీ వచ్చింది.

నా చిన్నప్పుడు నాన్న నానమ్మను ఫొటో తీసిన మర్నాటి నుంచే ఆమెకు ఊపిరి సరిగా ఆడలేదు. ఆమె ఆ కెమెరా చీకట్లో ఇరుక్కుపోయిందని, ఫొటో కడిగితే బయటికొస్తుందని అనుకున్నాను. కెమెరా పట్టుకొని స్టూడియోకు పరుగెత్తాను.

"చాచా, జల్దీ కడుగవా?"

"రోల్ నిండాలె బేటా. ఇంక పదకొండు ఫొటోలు మిగిలినయి."

గోడ, బకెట్, చెప్పులు, పక్కింటి మేక, ఏది కనబడితే అది తీసి రోల్ నింపేశాను. ఫొటోలు రాగానే నాన్న నా చెంప పగలగొట్టాడు.

"మేకకు సంబంధాలు చూస్తున్నవ్‌రా?"

ఆ వారంలోనే నానమ్మ పోయింది. అంతకుముందు తన ఫొటో చేతిలో పట్టుకొని చూసుకుంది, నా తొందర వల్లే. నాన్నా, నన్నెందుకు కొట్టావో ఇప్పుడైనా చెప్పు.