టెంటు కింద చదివిన దాసి ప్రమాణం

ఆ రోజుల్ల జనగామల ఏ గల్లీల నిలవడ్డా ఏదో ఒక మైకు వినవడేది. ప్రత్యేక రాష్ట్రం ఉద్యమం మాట ఎత్తితే ఎవ్వరికన్న జెండాలు, ఊరేగింపులు యాదికొస్తయి. నాకు మాత్రం ఒక కంప్యూటరు యాదికొస్తది. ముందుగాల నవ్వు, ఆ ఎనుక కొంచెం సిగ్గు సుత వస్తది. ఊరంత పెత్తనం ఒద్దని టెంటు కింద కూసున్న కాలంల, ఆ టెంటుకు నూరడుగుల దూరంల నేను ముఖం తెల్వని మనిషికి "చిత్తం ప్రభూ" అని టైపు కొడుతుంటి. (ఇంట్ల మా బాపు చాయ్ గ్లాసు అందియ్యమంటే "నీకు చేతులు లేవా?" అనే బిడ్డను నేను.)

అప్పటికి నాకు ఇరవై ఆరేండ్లు. రఘునాథపల్లి నుంచి పొద్దుగాల బస్సుకు వచ్చి స్టేషన్ రోడ్డుల ఒక జిరాక్సు, డీటీపీ దుకాణంల టైపు చేస్తుంటి. దుకాణం ఆయనను ఓనరన్న అని పిలుస్తుంటి. ఓనరన్న పొద్దుగాల షట్టరు లేపి, "చెల్లే, దుకాణం నువ్వు చూస్కో, రాష్ట్రం నేను చూస్కుంట" అని టెంటుకు పోతే మళ్ల షట్టరు దించే యాళ్లకే వస్తుండె. బడులు బంద్, ఆఫీసులు బంద్, జిరాక్సుకు వచ్చేటోళ్లే లేరు. పోరాట సంఘమోళ్ల కరపత్రాలు, వినతిపత్రాలు కొట్టుడు తప్ప ఇంకో పని లేకుండె. ఇంటర్నెట్టు మాత్రం నడుస్తుండె. పనిలేని మనిషి, నడిచే ఇంటర్నెట్టు ఒక్కకాడ పడితే ఏమైతదో గదే అయింది.

నాకు దొరికిన జాగ పేరు కోట. రాజులు, రాణులు, దాసదాసీలు అని కనవడితే నాటకాల సంఘం అనుకొని లోపలికి పోయిన. పద్దెనిమిది నిండినోళ్లే రావాలె అని గడపలనే రాసి ఉండె. లోపలికి పోయినంక తెలిసింది సంగతి. కొందరు ఏలేటోళ్లు, కొందరు లొంగేటోళ్లు, ఇష్టపడి ఆడే ఆట, అంత రాతలనే. లోపలి గదుల్ల ఇంకేమేమో నడుస్తయని వినుడే గాని నేను అటు పోలే. అందరు కలిసే దర్బారుకాడనే ఆగిన. మల్లిక అని పేరు పెట్టుకున్నందుకే మొదటి దినం ముప్పై మంది "దాసీ, ఇటు రా" అని సందేశాలు పెట్టిండ్రు. పరేషానై మూసేద్దామనుకుంటుంటే గువ్వ అనే పేరుతోని ఒకామె పలకరించింది.

"కొత్తవాళ్లు ముందు ఎవరి రక్షణలోనైనా చేరాలమ్మా" అని రాసింది గువ్వ. (కోటల గ్రాంథికం తీరు తెలుగే నడవాలె, అది రూలు.) "నీ పేరు పక్కన బ్రాకెట్లో వారి పేరు ఉంటుంది. ఇక నీతో మాట్లాడాలంటే ఎవరైనా వారి అనుమతి అడగాలి. అది రక్షణ. తర్వాత ఇద్దరికీ కుదిరితే పట్టా."

నాకు తెలిసిన పట్టా భూమి పట్టా ఒక్కటే. "పట్టా అయినంక పాసుబుక్కు సుత ఇస్తరా?" అని అడిగిన. గువ్వ పది నవ్వుముఖాలు పెట్టి, ఇది మెడల కట్టే పట్టా అని, కట్టినోళ్లు స్వంతదారులని, ఆ దినం దర్బారుల అందరి ముంగట ప్రమాణం చదవాలెనని ఓపికతోని చెప్పింది.

నన్ను రక్షణల తీసుకున్నాయన పేరు రాజావారు. ఉన్నమాట చెప్పాలె, రక్షణ పనిచేసింది. తెల్లారేసరికి ఆ ముప్పై మంది మాయం. నాతోని ముచ్చట పెట్టాలంటే "ప్రభూ, తమ రక్షణలోని మల్లికతో రెండు మాటలు పలుకవచ్చునా?" అని అర్జీ పెట్టుకుంటుండ్రు. మా మండలాఫీసుల సుత గంత పద్ధతి చూడలే. నన్ను అడగాలంటే ఇంకొకరిని అడుగుడేందని అప్పుడు తోచలే. ఎవ్వరో కావలి ఉన్నరని పాణం కుదుటపడ్డది, గంతే.

రాజావారికి నా మాటతోనే పంచాయితి. "'గిట్ల' ఏమిటి? 'ఇలా' అనవలెను. మోటుమాటలు దర్బారులో చెల్లవు" అని దినాం దిద్దుతుండె. కంప్యూటరుల ఒక కిటికీల మన యాసను ఎక్కిరిస్తున్నరని సంఘం కరపత్రం కొడుతుంటి. పక్క కిటికీల "క్షమించండి ప్రభూ, 'ఇలా'" అని రాస్తుంటి. ఈ రెండు పనులు చేసింది గవే చేతులు. వాటికి లేని సిగ్గు నాకెందుకని కావచ్చు, నాకు ఏం అనిపియ్యలే.

మూడు నెలలైనంక రాజావారు పట్టాకు ముహూర్తం పెట్టిండు. ప్రమాణం నేనే రాసుకోవాలెనట. దానికంటె ముందుగాల ఫోను నంబరు, ఒక ఫోటో పంపాలెనట. స్వంతదారుకాడ దాపరికం ఉండొద్దట.

గువ్వను అడిగితే, "అది ఆచారంలో లేదు. ఆటలో పట్టా ఆటకే. ఇవ్వకు" అన్నది. గదే ముచ్చట రాజావారికి రాసిన. ఎంటనే జవాబు వచ్చింది. "అయితే రక్షణ తీసివేస్తాను. మాట తప్పిన దాసివని కోట ద్వారం మీద రాయిస్తాను. నీది జనగామ అన్నావు కదా. అక్కడ టైపు కేంద్రాలు ఎన్ని ఉంటాయి?"

ఎన్నడో ముచ్చట్ల ఊరు పేరు, టైపు పని చెప్పిన నా నోటిని నేనే తిట్టుకున్న. ఎవ్వరికి చెప్పాలె? బాపుకు చెప్పాలంటే కోట అంటే ఏందో అక్కడి నుంచి మొదలు పెట్టాలె. ఓనరన్నకు చెప్తే టెంటుకంత తెలుస్తది. ఆఖరుకు గువ్వకొక్కదానికే ఆ జవాబు చూపిచ్చిన. రెండు దినాలు అన్నం సయించలే. ప్రమాణమన్న మంచిగ రాస్తే నంబరు సంగతి మర్చిపోతడేమో అనే పిచ్చి ఆశతోని, మనసు పెట్టి ఒక పేజీ రాసిన.

పట్టా ముహూర్తం దినమే టెంటుకాడికి పెద్దాఫీసరు వినతిపత్రం తీసుకునేటందుకు వస్తుండు. మూడింటికి కోటల పట్టా. మూడింటికే ఓనరన్న ఉరుక్కుంట వచ్చిండు. "చెల్లే, జల్ది! సారు జీపు దిగిండు!" రెండు కాయితాలు రెండు కిటికీల్ల తెరిచి ఉన్నయి. ఒకటి ప్రింటు కొట్టి ఓనరన్న చేతుల పెట్టిన. ఇంకోటి దర్బారుల అతికిచ్చి మీట నొక్కిన. నొక్కినంక కండ్లు మూసుకున్న.

కండ్లు తెరువక ముందే మైకుల పంతులు సారు గొంతు వినవడ్డది. పంతులు సారు అంటే రిటైరైన తెలుగు మాస్టరు. చేతికి ఏ కాయితమిచ్చినా ముందుగాల చూడకుండనే భావయుక్తంగ చదివే అలవాటు ఆయనది.

"ఈ క్షణం నుండి నాకంటూ ఇష్టం లేదు. తమరు నిలుచోమంటే నిలుచుంటాను. తమరి ఆజ్ఞ లేనిదే నోరు విప్పను. నా మాటను, నా యాసను తమరి పాదాల చెంత వదిలివేస్తున్నాను..."

చెప్పులు సుత ఏసుకోకుండ ఉరికిన. నేను పోయేసరికి టెంటుల అందరు పంతులు సారు దిక్కే చూస్తుండ్రు. ఆఫీసరు నోరు తెరిచి చూస్తుండు. పంతులు సారు చదువుడు ఆపి కాయితాన్ని తిప్పి చూసిండు, ఆఫీసరును చూసిండు, గుంజకాడ ఉత్తకాళ్లతోని నిలవడ్డ నన్ను చూసిండు. నా పని అయిపోయిందనుకున్న. ముప్పై ఏండ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి, పుస్తకం మర్చిపోయి వచ్చిన దినం సుత క్లాసు నడిపిన మనిషి ఆయన. ఒక్కసారి గొంతు సవరించుకున్నడు.

"విన్నరా? ఇన్నేండ్లు మనతోని చెప్పిచ్చిన ప్రమాణం గిదే! మళ్ల చెప్పుదమా?"

"చెప్పం!" అని టెంటు లేచిపోయేటట్టు ఒర్రిండ్రు. ముందువరసల ఒక అవ్వ కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. ఓనరన్న నా పక్కకొచ్చి, "చెల్లే, నువ్వు గింత మంచిగ రాస్తవని నాకు తెల్వకపాయె. రేపు ఇంకోటి రాయాలె" అన్నడు. ఆఫీసరు మాత్రం మెల్లగ అడిగిండు, "బాగానే ఉంది, మరి మీ డిమాండ్లు ఏవి?"

గప్పుడు నా తలకెక్కింది, డిమాండ్లు ఎక్కడున్నయో.

దుకాణానికి వచ్చి చూస్తే, నలభై మంది కూసున్న దర్బారు నడుమ, మల్లిక పేరు మీద ఉన్నయి. "ఇన్నేండ్ల పెత్తనం ఇగ చెల్లదు. మా భాషను ఎక్కిరించుడు బంద్ చెయ్యాలె. మా నిర్ణయాలు మేమే తీసుకుంటం. ఒప్పుకునేదాక కదిలేది లేదు. ఇట్లు, జనగామ ప్రజలు."

దాని కింద గువ్వ మాట. కోటల ఎన్నడు వినని భాషల. "నేను సుత గిదే అంటున్న. రాజావారు ఈ పిల్లను ఫోన్ నంబరు అడిగి బెదిరిచ్చిండు. ఏ ఆచారంల ఉన్నది గది?" ఆ కింద ఇంకో ఇద్దరు ఆడోళ్లు, మమ్మల్ని సుత అడిగిండని. కోట పెద్దలు జవాబు చెప్పమంటున్నరు. నేను సక్కటి కాయితం మళ్ల ప్రింటు కొట్టి ఆఫీసరుకు ఇచ్చి వచ్చేసరికి, నాకొక్కదానికే రాజావారి సందేశం వచ్చి ఉన్నది.

"అక్కా, తప్పయింది. నీ నంబరు నాకొద్దు. నాది భూపాలపల్లి. మా కాడ సుత టెంటేసిండ్రు, అండ్ల మైకు నేనే పడత. కోటల ఉన్నోళ్లకు మాత్రం చెప్పకు, జర."

"మరి నా మాటను ఎందుకు దిద్దినవ్?" అని రాసిన.

"హాస్టల్ల నన్ను గట్లనే ఎక్కిరించిండ్రు అక్కా. కోటలనన్న పెద్దమనిషి తీరు మాట్లాడుదమనుకున్న."

"పెద్దమనిషి తీరు అంటే ఆడామెను బెదిరిచ్చుడా?"

సాయంత్రం బస్సు ఎక్కేలోపట నా పేరు పక్కన బ్రాకెట్టు తీసేసిండ్రు. వారం లోపట రాజావారినే తీసేసిండ్రు. జాలి పడ్డననుకునేరు, పడలే. గువ్వది మహబూబాబాద్ అవతల తండ అని ఆ ఎనుక తెలిసింది. "ఇంట్ల మాది వేరే భాషనే. నీ తెలుగు, రాజావారి తెలుగు, నాకు రెండూ నేర్చుకున్నయే" అని నవ్వింది.

ఇంకో నాలుగు నెలలు కోటల ఉన్న. ఆఖరుకు ముప్పై ఏండ్లు దాటిన ఒకాయన కొత్తగ వచ్చి నా రక్షణ అడిగిండు. రూలు ప్రకారం దొరసాని మొదటి ఆజ్ఞ ఇయ్యాలె. "ఆజ్ఞాపించండి" అని ఆయన ఎదురు చూస్తుండు. నేను గంటసేపు ఆలోచించిన. ఏమీ తట్టలే.

"పొద్దుగాల నుంచి ఏమన్న తిన్నవా? పోయి తినిరా" అని రాసిన.

అర్ధగంటకు జవాబొచ్చింది. "తిన్నాను దొరసానీ. పప్పుచారు."

నా జిందగీల నేను చేసిన పెత్తనం మొత్తం గంతే. ఆ దినం బస్సుల కిటికీకి తల ఆనిచ్చి, ఏదో కోట గెలిచిన దాని లెక్క నవ్వుకుంట ఇంటికి పోయిన పిల్ల, అంటే అప్పటి నేనే, ఇప్పటికి అప్పుడప్పుడు నాకు కనవడుతది. ఆయనను తినిరమ్మన్న ఆ పిల్ల మాత్రం ఆ పూట ఏమీ తినలేదని నాకు ఒక్కదానికే యాదికున్నది.